నదిలో మునిగిన రాళ్లు



ఈ ఉపన్యాసానికి నిధి ఇచ్చిన కుటుంబం తమ ముత్తవ్వ జ్ఞాపకార్థం ఇచ్చింది. ఆమె బైబిలమ్మ. శ్రీకాళహస్తి వైపు పల్లెల్లో కాలినడకన తిరుగుతూ ఆడవాళ్లకు చదువూ ప్రార్థనా నేర్పిన మనిషి. ఆహ్వానపత్రికలో ఆమె పేరు వేద్దామని నిర్వాహకులు అడిగితే కుటుంబం వద్దందట. "అట్లా తిరిగినోళ్లు చానామంది ఉండారు. మా అవ్వ పేరొక్కటే ఎందుకు, అందురిదీ అనుకోండి" అన్నారట. ఆ మాట నా చెవిన పడిన రోజునే ఈ ఉపన్యాసం నాలో మొదలైంది. విశ్వాసులం మనం రాళ్లు నిలబెడతాం, సమాధులు కడతాం, పాలరాతి మీద పేర్లు చెక్కిస్తాం. అవన్నీ ఎవరిని గుర్తుంచుకుంటున్నాయి, ఎవరిని వదిలేస్తున్నాయి? ఈ ప్రశ్నే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

మాది చిత్తూరుకు పడమర, పలమనేరు దారిలో ఒక పల్లె. నవంబరు 2 సమాధుల పండుగ. ముందురోజు సాయంత్రం మా అవ్వ సున్నం కలిపిన బకెట్టు నా చేతికిచ్చి, తాను కుంచె పట్టుకుని సమాధుల తోటకు బయలుదేరేది. తోట అంటే తోట కాదు. వంక పక్కన ముళ్లకంపలు కొట్టి చదును చేసుకున్న జాగా. మా తాతకు ఇటుకలతో కట్టిన చిన్న సమాధి ఉండేది. దానికి సున్నం పూసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించాక అవ్వ అక్కడితో ఆగేది కాదు. ఇంకో పది అడుగులు పోయి ఒక మట్టిదిబ్బకు కూడా అదే శ్రద్ధతో సున్నం చల్లేది. దానికి శిలువ లేదు, రాయి లేదు, పేరు లేదు. మా కుటుంబంలో ఎవరిదీ కాదు.

"ఇది ఎవురిది అవ్వా?" అని అడిగాను. నాకప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో.

"నాకు అచ్చరాలు నేర్పిచ్చిన అమ్మది నాయనా. ఆయమ్మకు బిడ్డల్లేరు. మనం గాకపోతే ఇంకెవురు పూస్తారు?" అంది.

ఆమె పేరేమిటని నేను అడగలేదు. మరుసటి ఏడాదీ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. అవ్వ పోయాక అడగడానికి మనిషి లేదు. నా జీవితంలో నేను చేసిన తప్పుల్లో ఇది చిన్నదిగా కనిపించవచ్చు. వయసు పెరిగేకొద్దీ నాకు మాత్రం పెద్దదవుతోంది.

యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం మీకు తెలుసు. ఇశ్రాయేలు ప్రజలు యొర్దాను దాటినప్పుడు గోత్రానికొకరు చొప్పున పన్నెండుమంది నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు భుజాన ఎత్తుకొచ్చారు. వాటిని గిల్గాలులో నిలబెట్టారు. ఎందుకు? రేపటి పిల్లలు ఇవేమిటని అడగాలని, అడిగినప్పుడు తండ్రులు నది ఆరిన కథ చెప్పాలని. ఆ రాళ్ల మీద ఏమైనా రాశారని గ్రంథం చెప్పదు. ముందు రాయి, తర్వాత పిల్ల అడిగే ప్రశ్న, ఆ తర్వాత పెద్దల జవాబు. ఈ మూడూ కలిస్తేనే అక్కడ స్మారకం పూర్తవుతుంది. అడిగే బిడ్డ లేకపోయినా, చెప్పే మనిషి లేకపోయినా గిల్గాలులో మిగిలేవి పన్నెండు బండరాళ్లే.

ఇంతవరకూ మన ఆదివారపు బడిలో చెబుతారు. తొమ్మిదో వచనం దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. యెహోషువ నది లోపల కూడా పన్నెండు రాళ్లు నిలబెట్టాడని అక్కడుంది. మందసం మోసిన యాజకుల కాళ్లు ఎక్కడ నిలిచాయో సరిగ్గా అక్కడే. జనం దాటిపోయారు, నీళ్లు మళ్లీ కమ్ముకున్నాయి, ఆ రాళ్లు మునిగిపోయాయి. గట్టు మీది రాళ్లు దాటినవాళ్లకు గుర్తు. నీళ్లలోవి, అందరూ దాటేదాకా బరువు మోస్తూ కదలకుండా నిలబడ్డవాళ్లకు గుర్తు. అవి ఎవరికీ కనిపించవు. అయినా ఉన్నాయని గ్రంథకర్త పనిగట్టుకుని రాశాడు. ఈ వచనం చదివిన ప్రతిసారీ నాకు వంక పక్కన ఆ మట్టిదిబ్బ కళ్లముందు కదులుతుంది.

రాయి నిలబెట్టడం మన సీమకు మిషన్ దొరలు నేర్పిన విద్య కాదు. పుంగనూరు, మదనపల్లె, పలమనేరు చుట్టుపక్కల పొలాల్లో వీరగల్లులు ఎన్నో ఉన్నాయి. బాణులు, నొలంబులు, వైదుంబులు ఈ నేల మీద తలపడిన కాలంలో పసుల మందను కాపాడుతూనో, ఊరికోసం పోరాడుతూనో చనిపోయినవాళ్లకు ఊళ్లు నిలబెట్టుకున్న రాళ్లవి. కత్తి పట్టిన మనిషి బొమ్మ, కొన్నింటి మీద నాలుగు వరుసల పాత తెలుగో కన్నడమో. చాలాచోట్ల ఈనాడు ఆ రాతికి పసుపు పూసి పూజ చేస్తున్నారు గాని, ఆయన ఎవరు, ఎందుకు చచ్చిపోయాడు అంటే చెప్పేవాళ్లు లేరు. శాసనం చదివే పండితుడు వచ్చి చెబితే తప్ప ఆ వీరుడికి ఊరిలో పేరు లేదు.

తిరుమలలో ఇంకా గొప్ప ఉదాహరణ ఉంది. తాళ్లపాక కవుల సంకీర్తనలను వేల రాగిరేకుల మీద చెక్కించి గుడిలోనే ఒక రాతి అరలో దాచారు. ఆ రేకుల్లో చాలా అక్కడే భద్రంగా ఉన్నాయి. అయినా శతాబ్దాలపాటు ఆ పాటలు మూగబోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ రేకులు చదివి, అచ్చువేసి, రాగాలు కట్టాకే అన్నమయ్య మళ్లీ మన చెవుల్లోకి వచ్చాడు. క్రైస్తవుడినైన నేను తిరుపతిలో నిలబడి ఈ మాట గౌరవంగా చెబుతున్నాను. రేకును దాచినవాళ్ల రుణం ఎంత పెద్దదో, దానికి గొంతు ఇచ్చినవాళ్ల రుణమూ అంతే పెద్దది.

ఇక మన సంగతి. ఈ ప్రాంతంలో క్రైస్తవం వందో నూటయాభయ్యో ఏళ్లదని మనలోనే చాలామంది అనుకుంటారు. చంద్రగిరి ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్లు. 1598లో మైలాపూరు శాంతోం నుంచి జెసూట్ పాదిరీలు రెండో వెంకటపతిరాయల కొలువుకు అక్కడికి వచ్చారు. రాయలు వాళ్లను ఆదరించాడు, ఉండడానికి చోటిచ్చాడు, ప్రార్థనామందిరానికి అనుమతిచ్చాడు. తర్వాత కొన్నేళ్లకు బర్తొలొమేయో ఫోంతెబోనా అనే ఇటలీ చిత్రకారుడు, జెసూట్ సహోదరుడు, రాయల ఆస్థానానికి వచ్చాడు. అప్పటికి కొలువు వేలూరుకు కదిలింది. అతడు వేసిన బొమ్మలంటే రాయలకు ఎంతో ఇష్టం. క్రీస్తు కథలోని దృశ్యాలను ఒక విజయనగర రాజు తీరిగ్గా చూస్తూ వాటి అర్థం అడిగి తెలుసుకున్న రోజులవి.

1614లో వెంకటపతిరాయలు పోయాడు. వారసత్వపు యుద్ధాలు రేగాయి. జెసూట్ల పని కూడా ఎక్కువకాలం నిలవలేదు. చంద్రగిరి రాజమహల్ ఈరోజుకీ నిలబడి ఉంది, టికెట్టు కొని చూస్తాం. ఆ ప్రార్థనామందిరం ఎక్కడుండేదో చూపే రాయి నాకు ఎక్కడా కనిపించలేదు. మరి ఆ కథ మనకెలా తెలిసింది? ఆ పాదిరీలు తమ పెద్దలకు రాసుకున్న ఉత్తరాల వల్ల. హెన్రీ హెరాస్ అనే చరిత్రకారుడు ఆ ఉత్తరాలను వెలికితీసి, 1927లో అచ్చయిన ఆరవీటి వంశ చరిత్రలో ఉపయోగించుకున్నాడు. మందిరం పోయింది, కాగితం మిగిలింది. అయితే ఆ ఉత్తరాల్లో పాదిరీల పేర్లున్నాయి, రాజుల పేర్లున్నాయి. వాళ్లకు తెలుగు నేర్పినవాళ్లు, నీళ్లు తెచ్చిపెట్టినవాళ్లు, దుబాసీగా నిలబడినవాళ్లు ఎవరు? వాళ్లూ యొర్దాను అడుగునే ఉన్నారు. వందేళ్ల తర్వాత ఫ్రెంచి జెసూట్లు పుంగనూరులో పని మొదలుపెట్టినప్పటి కథ కూడా ఇంతే. పాదిరీ పేరు దొరుకుతుంది, ఆయన ఎవరి వసారాలో కూర్చుని మాట్లాడాడో ఆ ఇంటివాళ్ల పేరు దొరకదు.

తిరుపతి లూథరన్ల కథ మీలో చాలామందికి ఇంటికథ. జర్మనీలో హెర్మన్స్‌బర్గ్ అనే పల్లెటూళ్లో లుడ్విగ్ హార్మ్స్ అనే పాదిరి 1849లో ఒక మిషన్ మొదలుపెట్టాడు. అంతకుముందే తమిళదేశంలో పనిచేసిన ఆగస్ట్ మైలియస్‌ను ఆ మిషన్ 1860ల నడుమ తెలుగువాళ్ల దగ్గరికి పంపింది. నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి. ఈ ఊళ్ల పేర్లు వరసగా చదివితే మన సంఘాల పటం కళ్లకు కడుతుంది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. బ్రిటిషు ప్రభుత్వానికి జర్మన్లందరూ శత్రుదేశస్థులయ్యారు. మిషనరీలను నిర్బంధించారు, తర్వాత దేశం దాటించారు. అమెరికా నుంచి ఒహాయో సినడ్ లూథరన్లు వచ్చి పని అందుకునేదాకా మధ్యలో ఒక ఖాళీ ఉంది. బంగళాలు తాళాలు వేసి ఉన్నాయి, జీతాలు వస్తాయో రావో తెలియదు. ఆ ఖాళీలో పల్లెల్లో ఆదివారం ఆరాధన ఎవరు జరిపారు? బడి ఎవరు నడిపారు? చనిపోయినవాళ్లను ప్రార్థనతో ఎవరు పూడ్చారు? తెలుగు ఉపదేశులు. 1945లో సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి తన కాళ్ల మీద తాను నిలబడిందంటే, ఆ కాళ్లు ఎవరివో మనం చెప్పుకోవాలి.

మిషనరీల సమాధుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పాత సమాధుల తోటల్లో వాళ్లు పూడ్చుకున్న రెండేళ్ల, మూడేళ్ల పిల్లల చిన్న రాళ్లు చూసినప్పుడు మనసు చెదిరిపోతుంది. వాటిని కాపాడాలి, పిచ్చిచెట్లు కొట్టి శుభ్రం చేయాలి. నేననేది, ఆ రాయి పక్కన ఉండవలసిన ఇంకో రాయి లేదని.

ఒంగోలు వాళ్లు ఈ విషయంలో మనకంటే మెరుగు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కి ఐదుగురు ప్రార్థించారు. బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారు. పన్నెండేళ్లకు అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1878 కరువు తర్వాత జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. కొండ మీద ఏం కట్టారన్నది నాకు ముఖ్యం కాదు. ఆ కథ చెప్పే తెలుగు బాప్టిస్టులు జూలియా పేరు వదలకుండా చెబుతారు. అది ముఖ్యం.

చిత్తూరు, మదనపల్లె, పలమనేరుల మిషన్ వేరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊళ్లలో కొన్ని ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మిషనరీ జాన్ స్కడర్ కొడుకులు 1853లో మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ అమెరికా రిఫార్మ్డ్ చర్చికి చెందింది. ఆ చర్చి మూలపురుషుల్లో ఒకడైన జాన్ కాల్విన్ 1564లో జెనీవాలో చనిపోయినప్పుడు తన సమాధి మీద రాయి పెట్టవద్దన్నాడు. పెట్టలేదు. జనం రాయికి మొక్కుతారేమోనని ఆయన భయం. అలాంటి సంప్రదాయం నుంచి వచ్చిన దొరలకు సమాధుల పండుగ లేదు. మా అవ్వ తరంవాళ్లు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో గాని తెచ్చుకున్నారు. తెచ్చుకుని మంచిపని చేశారని నా అభిప్రాయం. చనిపోయినవాళ్ల పేరు కూడా ఎత్తకూడదన్నట్టు మాట్లాడే బోధకులు ఈమధ్య పెరిగారు. సమాధి దగ్గర అన్నం పెట్టి చనిపోయినవాడు వచ్చి తింటాడనుకోవడం వేరు, మట్టి మీద చేయి పెట్టి దేవునికి స్తోత్రం చెప్పడం వేరు. మన ముసలివాళ్లకు ఆ తేడా బాగా తెలుసు.

రాయి వద్దన్న సంప్రదాయం నుంచి వచ్చిన ఆ మిషన్ మరి ఎట్లా గుర్తుంచుకుంది? ఆసుపత్రులు కట్టి. అదే స్కడర్ కుటుంబపు ఇడా వేలూరులో వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో, న్యూయార్కులో షెల్ అనే బ్యాంకరు చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థం పదివేల డాలర్లు ఇచ్చాడు. 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరుచుకుంది. చిత్తూరు జిల్లాలో కంటిజబ్బు వచ్చినవాళ్లు "షెల్‌కు పోతా ఉండాం" అని తరతరాలుగా అంటూనే ఉన్నారు. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి కూడా అటువంటిదే. ఎం.ఎల్.ఎల్. అనే మూడక్షరాల్లో ఒక స్త్రీ పేరు దాగుందని అక్కడ పుట్టిన వేలమందికి తెలియదు. తెలియకపోయినా నాకు బాధ లేదు. సముద్రానికి ఆవల ఒక భర్త దుఃఖం మన ప్రాంతపు ముసలమ్మ కంటికి చూపయింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని బైబిలు చదువుకున్నప్పుడల్లా ఆ స్మారకం పనిచేస్తూనే ఉంది.

ఆరోగ్యవరం ఇంకో రకం. పేరులోనే పనిని పెట్టుకున్న ఊరు అది. క్షయ అంటే ఇంట్లోంచి మనిషిని వెలివేసే రోజుల్లో, అనేక మిషన్లు తమ తమ సంఘభేదాలు పక్కనపెట్టి మదనపల్లె పక్కన ఒక్క ఆసుపత్రి పెట్టాయి. 1915లో అది మొదలైంది. క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అనే డెన్మార్కు డాక్టరు దాన్ని నడిపాడు. అప్పటికి క్షయకు మందు లేదు. గాలి, ఎండ, పాలు, విశ్రాంతి, ఓపిక. ఇవే వైద్యం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా వేయడం మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఈ సభలో చాలామంది భుజాల మీద ఆ టీకా మచ్చ ఉంటుంది. ఒకసారి చేయి పెట్టి చూసుకోండి. ఆరోగ్యవరం జ్ఞాపకచిహ్నాన్ని మనం ఒంటిమీదే మోస్తున్నాం.

పనిలో నిలిచిన పేరుకు ఇంకో సాక్ష్యం సర్ థామస్ మన్రో. ఈ సీమను పాలించినవాడు, క్రైస్తవుడు. 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే గుత్తిలో పూడ్చారు, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకెళ్లారు. మద్రాసు మౌంట్ రోడ్డులో గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. బస్సులో పోయేవాళ్లు తలెత్తి చూడరు. తిరుమలలో మాత్రం నైవేద్యం పెట్టే మన్రో గంగాళమని ఒకదాని పేరు ఈనాటికీ చెబుతారు. ఆకలి తీర్చే పాత్ర మీద నిలిచిన పేరు కంచు విగ్రహం మీది పేరుకంటే ఎక్కువ నోళ్లలో తిరిగింది.

ఇప్పుడు చేదు మాట ఒకటి చెప్పాలి. మోషే అరణ్యంలో ఎత్తిన ఇత్తడి సర్పం ఎంత పవిత్రమైన జ్ఞాపకం! దాన్ని చూసినవాళ్లు బ్రతికారు. శతాబ్దాల తర్వాత జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. గ్రంథం అతణ్ణి మెచ్చుకుంది. తన పేరు నిలబెట్టే కొడుకు లేడని అబ్షాలోము తానే ఒక స్తంభం కట్టుకున్నాడు. గ్రంథం ఆ సంగతిని చెప్పి ఊరుకుంది. ప్రవక్తల సమాధులను అలంకరిస్తూ వాళ్ల మాటను మాత్రం వినని పెద్దలను ప్రభువు గద్దించాడు. మన సంఘాల్లో శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలో తేలక ప్రతిష్ఠ ఆగిన సందర్భాలు మీకూ తెలుసు, నాకూ తెలుసు. చందా ఇచ్చినవారి పేర్లు నల్లరాతి మీద బంగారు అక్షరాల్లో ఉంటాయి. అదే గోడకు ఇసుక మోసిన కూలితల్లి పేరు సున్నంతోనైనా ఉండదు. మెదక్‌లో కరువుకాలంలో కూలి కల్పించడానికే పోస్నెట్ పాదిరి అంతటి మందిరాన్ని తలపెట్టాడని, 1924 క్రిస్మసునాడు దాన్ని ప్రతిష్ఠించారని గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వం న్యాయమే. గర్వపడేటప్పుడు తట్టలు మోసిన చేతులను కూడా తలుచుకోవాలి.

ప్రభువు తన జ్ఞాపకార్థం ఏం ఇచ్చాడో చూడండి. రాయి ఇవ్వలేదు. ఆయనను పెట్టిన సమాధి కూడా ఇంకొకరిదే, మూడోనాటికి ఖాళీ అయింది. రొట్టె ఇచ్చాడు, గిన్నె ఇచ్చాడు. రొట్టె తింటే అయిపోతుంది. మళ్లీ చేయాలి, మళ్లీ కూడాలి, మళ్లీ విరవాలి. ఒక్కడే ఇంట్లో దాచుకుని కూర్చుంటే అది జ్ఞాపకం కాదు. పదిమంది కూడితేనే బల్ల అవుతుంది. ఈ ఏర్పాటులో ఎంత లోతైన ఆలోచన ఉందో మన రాయలసీమ పల్లెల్లో పెరిగినవాళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు. టీ అంగట్లో మాదిగలకు, మాలలకు వేరే గ్లాసు గూట్లో పెట్టిన కాలంలో, ఒకే గిన్నెలో నుంచి అందరూ తాగాలని చెప్పిన జ్ఞాపకం ఇది. ఇక్కడ గుర్తుంచుకోవడమంటే అదే గిన్నెకు పెదవి ఆనించడం. మన సంఘాలు ప్రతిచోటా ఆ గిన్నెకు నమ్మకంగా ఉన్నాయని నేను చెప్పలేను. గిన్నె దగ్గరికి పోయే వరుసలో కులం చూసుకున్న రోజులు మనకూ ఉన్నాయి. సమాధుల తోటలో ఒక గోడ అటూ ఇటూ పూడ్చుకున్న ఊళ్లున్నాయి. ఆ గోడలు కూడా స్మారకాలే. అవేమిటని పిల్లలు అడిగితే ఏం జవాబు చెబుతామో ఆలోచించుకోవాలి.

పాట గురించి ఒక్క మాట. గుర్రం జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో పాడితే మన పల్లెల్లో రాత్రి రెండు గంటలకు కూడా వన్స్ మోర్ కొట్టేవాళ్లు. అవి జాషువావని తెలియనివాళ్లు ఎందరో. పురుషోత్తమ చౌదరి 1890లో పోయాడు. ఆయన కీర్తనలు మా అవ్వ తరానికి నోటికి వచ్చు. వాటిని ఎవరు రాశారో అవ్వకు తెలియదు. కట్టినవాడి పేరు మునిగిపోయినా పాట పైకి తేలింది. చనిపోయినవారి ఇంట్లో మూడోనాడు ఆదరణ కూడికలో, అందరి మాటలూ అయిపోయి నిశ్శబ్దం కమ్మినప్పుడు, మూలన కూర్చున్న ఒక ముసలమ్మ మెల్లగా పల్లవి ఎత్తుకుంటుంది. ఆ క్షణంలో ఆ ఇల్లు ఎట్లా తేరుకుంటుందో చూసినవాడిని గనుక, రాళ్లకంటే ముందు ఆ గొంతులను దాచుకోవాలని అడుగుతున్నాను.

మా ఊరి మట్టిదిబ్బ సంగతి ముగించాలి. 2021 నవంబరు వానలు మీకు గుర్తున్నాయి. తిరుపతి వీధులు ఏర్లయ్యాయి, స్వర్ణముఖి గట్లు తెంచుకుంది. అటు మా వంక కూడా పొంగింది. నేను ఊరికి పోయి చూసేసరికి సమాధుల తోటలో వంకవైపు భాగం కోసుకుపోయి ఉంది. తాత సమాధి ఒక పక్కకు ఒరిగింది. దిబ్బ లేదు. అది ఉన్నచోట ఇసుక, కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మలు. సమాధులకు మంచి జాగా ఇచ్చి ఉంటే ఆ తోట వంక పక్కన ఉండేదే కాదు. మన పల్లెల్లో చాలామందికి పూడ్చుకోవడానికి దొరికేది కుంట గట్టో వంక అంచో. సమాధుల జాగా కోసం అర్జీలు పెట్టి తిరగడం కూడా జ్ఞాపకాన్ని కాపాడే పనే. సంఘపెద్దలు దాన్ని ఆస్తి వ్యవహారమని పక్కనపెట్టకూడదు.

ఆ తర్వాత, అవ్వకు అక్షరాలు నేర్పిన ఆ అమ్మ పేరు కోసం పాత రిజిస్టర్లు వెతికాను. మీలో ఎంతమంది బాప్తిస్మపు రిజిస్టరు తెరిచి చూశారో నాకు తెలియదు. తేదీ, పాతపేరు, కొత్తపేరు, తండ్రి పేరు, ఊరు, బాప్తిస్మమిచ్చిన అయ్యగారి సంతకం. పాతపేరు గడిలో మునెమ్మ, గంగమ్మ, పోలయ్య అని ఉంటాయి. కొత్తపేరు గడిలో మరియమ్మ, రూతమ్మ, యాకోబు. ఆ రెండు గడుల మధ్య సన్నటి గీతలో ఒక మనిషి జీవితమంతా తిరిగిన మలుపు ఉంది. నేను చూసిన రిజిస్టరు సగం చెదలు తిన్నది. కాగితం తిప్పితే పొడి రాలింది. బైబిలమ్మ అని పక్కన రాసిన వరస ఒకటి కనిపించింది. పేరున్న గడి దగ్గర చెదలు వేసిన రంధ్రం. అది ఆమెదో కాదో తెలియదు.

కాబట్టి నా మనవి చిన్నది. మన సంఘాల రిజిస్టర్లను, ఇనప్పెట్టెల్లోనూ అటకల మీదా ఉన్నవన్నీ, ఈ ఏడాదిలో ఫొటోలు తీయించండి. కాలేజీ పిల్లలకు ఫోన్లున్నాయి, చేతకాదనకండి. బైబిలమ్మలు, ఉపదేశులు, బడిపంతుళ్లు, ఆసుపత్రుల్లో కట్లు కట్టినవాళ్లు, అంబులెన్సు లేని రోజుల్లో మంచం మీద రోగిని మోసుకుపోయినవాళ్లు. ఎవరి పేరు దొరికితే వాళ్ల పేరు ఊరి పేరుతో సహా రాయండి. నవంబరు 2న సున్నం బకెట్టుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా సమాధుల తోటకు తీసుకుపోండి. ఊరిలో అందరికంటే పెద్దవయసు అమ్మను చేయి పట్టుకుని నడిపించుకుపోండి. శిలువ ఉన్న సమాధుల దగ్గర ఆలస్యం చేయకండి, వాటి మీద పేర్లున్నాయి. నేరుగా దిబ్బల దగ్గరికి పోయి, ఒక్కో దిబ్బ దగ్గర ఆగి, "ఇది ఎవురిది అవ్వా, పేరేమి?" అని అడగండి. ఆమెకు గుర్తురాకపోతే తొందరపెట్టకుండా పక్కనే కూర్చోండి.